సాక్ష్యం చెప్పిన తర్వాత వచ్చిన జ్వరం

నా జుట్టు మళ్ళీ వస్తోంది. అద్దంలో చూసుకుంటే కొత్తగా బడిలో వేసిన మగపిల్లాడిలా ఉన్నాను. నన్ను చూసినప్పుడల్లా మా ఆయన యేసురత్నం నవ్వు ఆపుకోవడానికి తల తిప్పుకుంటాడు. నేను గమనించనట్టు ఉంటాను. కుట్టుమిషను తొక్కే బలం కాళ్ళకు ఇంకా రాలేదు. ఊరికే కూర్చుంటే పాత భయాలన్నీ వచ్చి చుట్టూ చేరతాయి. అందుకే రాస్తున్నాను. నాలాంటి జబ్బుతో ఉన్నవాళ్ళు చదివితే కాస్త ధైర్యం రావచ్చు. అలాంటి మనిషిని ప్రేమించే సంఘం ఏదైనా చదివితే, మేము చేసిన పొరపాటు చేయకుండా ఉండవచ్చు.

నా పేరు సువార్త. మాది కార్వేటినగరం దగ్గర పల్లె. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన శ్రీ సిటీ ఫ్యాక్టరీకి పనివాళ్ళను తీసుకుపోయే బస్సు నడుపుతాడు. ఒక్కతే కూతురు కీర్తన, తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మా గుడి చిన్నది. పైన రేకులు, కింద చాపలు, ఎడమవైపు ఆడవాళ్ళం, కుడివైపు మగవాళ్ళు. ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి ఆ సంగతి చెబుతారు. ఒకరికి ఉద్యోగం వచ్చి ఉంటుంది, ఒకరి బిడ్డకు జ్వరం తగ్గి ఉంటుంది. మిగిలినవాళ్ళం స్తోత్రం అంటాం. మేలు జరగనివాళ్ళు కూర్చునే ఉంటారు. ఇందులో ఆలోచించాల్సింది ఏమైనా ఉందని నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ తోచలేదు.

శ్రమల దినాలు

గుడ్ ఫ్రైడేకి మా ఆడవాళ్ళందరూ తెల్లచీరలు కడతారు కాబట్టి ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే నలభై రోజులూ నాకు తెల్లజాకెట్ల పని తెగ ఉంటుంది. ఆ హడావిడిలో మెడ పక్కన గడ్డను పట్టించుకోలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలేది, తెల్లారేసరికి చెమటతో తడిసిపోయేది. నా జాకెట్లు నాకే వదులయ్యాయి. అందరివీ కుట్టేదాన్ని, నావి బిగించుకోవడానికి తీరిక లేదు. ఈస్టర్ రోజున గుడి మెట్లమీద కళ్ళు తిరిగి పడ్డాను. అప్పుడు కానీ తిరుపతికి పోలేదు.

గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా, హాస్టల్ నుంచి వచ్చిన కీర్తనతో కలిపి ఇంట్లో ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా అన్నాలు తిన్నాం. అది లింఫు గ్రంథుల క్యాన్సర్ అని డాక్టరు చెప్పినప్పుడు మా ఆయన బస్సు తాళాలు డాక్టరు బల్లమీద పెట్టేశాడు. "మందు ఉంది, బాగా పనిచేస్తుంది, భయపడకండి" అని డాక్టరు అంటూనే ఉన్నారు. భయపడకుండా ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

వేసవి నుంచి వానల దాకా

మందు ఎక్కించే రోజు ఉదయం నుంచీ పేరు పిలిచేదాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోవాలి. అక్కడ అందరి కళ్ళూ ఒకే తలుపు మీద ఉంటాయి. మా ఆయనకు ప్రతిసారీ సెలవు దొరికేది కాదు. అప్పుడు నాతో మా గుడి పాస్టరు దానియేలు అయ్యగారు వచ్చేవారు. ఆయన నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను అక్కా అంటారు. పాస్టరుగారంటే ముందు నడిచి, మనం వెనక నడవాలని అనుకునేదాన్ని. ఈయన నా సంచి భుజాన వేసుకుని నా వెనకే వచ్చేవారు, నేను పడితే పట్టుకోవడానికి.

ఒకసారి పుత్తూరు బస్సులో నాకు వాంతి ఆగలేదు. ఆయన తన టిఫిన్ ఉన్న కవరు ఖాళీ చేసి నోటి దగ్గర పట్టారు. బస్సు ఆగగానే దిగిపోయి దాన్ని పారేసి, చేతులు కడుక్కుని వచ్చి, ఏమీ జరగనట్టు "ఈసారి మామిడికాయ బాగా కాసిందంట అక్కా" అని మొదలుపెట్టారు. సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నదాన్ని, మామిడికాయల ధర గురించి మాట్లాడుతూ ఇల్లు చేరాను.

ఆ కుర్చీల్లోనే ఫాతిమమ్మ పరిచయమైంది. ఆమె భర్త చిత్తూరులో పరుపులు కుట్టేవాడు, గొంతులో జబ్బు. నాకు వాసనలు పడక కడుపులో తిప్పుతుంటే ఆమె కొంగుముడి విప్పి నిమ్మకాయ ఇచ్చింది.

"గోరుతో గిల్లి వాసన సూడక్కా. మా ఆయనకు ఇదే సాయం" అంది.

"మరి ఆయనకో?"

"ఇంకోటి ఉండాదిలే."

తర్వాత ఆమె కొంగులో ఇంకే ముడీ కనబడలేదు. వానలు మొదలయ్యాక వాళ్ళిద్దరూ రావడం మానేశారు. ఎందుకో అడగడానికి భయమేసి నేను ఎవరినీ అడగలేదు. వాళ్ళకోసం ఇప్పటికీ ప్రార్థన చేస్తాను.

కోత పండగ

మందులన్నీ అయ్యాక స్కాన్ తీశారు. ఆ రోజు కూడా అయ్యగారే నాతో ఉన్నారు. డాక్టరు రెండు మాటలు చెప్పారు. "ప్రస్తుతానికి ఏమీ కనబడటం లేదు. అయితే ఇది మళ్ళీ రావచ్చు, మూడు నెలలకొకసారి తప్పకుండా చూపించుకోవాలి." మొదటి మాట వినగానే నా చెవుల్లో హోరు. రెండోది ఎక్కడో దూరంగా వినబడింది. అయ్యగారు వరండాలోకి పరుగెత్తి మా సంఘ పెద్ద అబ్రహాము మామకు ఫోన్ చేశారు. "ఏమీ లేదంట మామా! పూర్తిగా పోయిందంట!" అంటూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

మేము ఊరు చేరేసరికి ఊరంతటికీ తెలిసిపోయింది. కోత పండగకు గుడికి వడ్లూ, చెరకుగడలూ, గుమ్మడికాయలూ తెచ్చి కృతజ్ఞత చెల్లిస్తాం కదా, దాంతోపాటే నా కృతజ్ఞత కూడిక కూడా పెట్టారు. గుడి గేటుకు ఇంత పెద్ద ఫ్లెక్సు కట్టారు. అందులో నా ఆధార్ ఫోటో. ఆ ఫోటోలో నేను ఎప్పుడూ ఎవరినో తిట్టబోతున్నట్టే ఉంటాను. దాని పైన "క్యాన్సర్ నుండి అద్భుత స్వస్థత" అని ఎర్ర అక్షరాలు. చుట్టుపక్కల సంఘాలవాళ్ళు ట్రాక్టర్లలో వచ్చారు. గుండు మీద ముసుగు వేసుకుని మైకు ముందు నిలబడి, దేవుడు నన్ను పూర్తిగా బాగుచేశాడని చెప్పాను. నమ్మే చెప్పాను. ఆ రోజు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత గట్టిగా స్తోత్రం అన్నారు. నా జీవితంలో అంత సంతోషం ఎప్పుడూ లేదు.

ఆ మాటలు ఎవరో ఫోన్‌లో తీశారు. అవి నేను చూడని ఊళ్ళకు కూడా పోయాయి. మా ఆయన బస్సులో పనివాళ్ళు ఆయనకే చూపించారట. "ఈమె మీ ఇంటామే గదా అన్నా?" అని.

డిసెంబరు

క్రిస్మస్ నక్షత్రాలు కట్టే రోజుల్లో సాయంత్రం జ్వరం మళ్ళీ వచ్చింది. మూడో రోజు చంక కింద వేలికి గడ్డ తగిలింది. చెయ్యి తీసేసి, మళ్ళీ పెట్టి చూశాను. నాకు చావు భయం కంటే ముందు మైకు గుర్తొచ్చింది. పూర్తిగా బాగైందని చెప్పిన నోటితో, మళ్ళీ వచ్చిందని ఎలా చెప్పాలి?

మా ఆయన నన్ను తిరుపతికి లాక్కుపోయాడు. స్కాన్‌లో మళ్ళీ ఉంది. ఈసారి మందు ఇంకా గట్టిది, సంక్రాంతి దాటితే ఆలస్యమవుతుంది అన్నారు. ఆలోచించుకుని చెబుతామని వచ్చేశాం. ఇలాంటిదానికి ఆలోచించుకోవడమేమిటని డాక్టరుకు కోపం వచ్చింది. ఆయనకు ఫ్లెక్సు సంగతి తెలియదు.

క్రిస్మస్ కానుకల గురించి మాట్లాడటానికి వచ్చిన అబ్రహాము మామ నా మొహం చూసే కనిపెట్టాడు. డెబ్బై దాటినవాడు, నన్ను ఎత్తుకుని తిరిగినవాడు. నేను చెప్పింది విని, నెత్తి పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు.

"తల్లీ, దేవుడు చేసిన పని ఎనక్కి తీసుకోడు. ఇది పరీక్ష. ఇప్పుడు నువ్వు మళ్ళా మందులకి పోతే సుట్టుపక్కల సంఘాలకి ఏం జెప్పేది? నవ్వరా? కొన్నాళ్ళు ఓపిక పట్టు. నేను ఉపవాసముంటా. ఎవురికీ సెప్పొద్దు."

ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఆయన దుర్మార్గుడైతే నేను గడప దాటించి పంపేదాన్ని. ప్రేమతో చెప్పాడు కాబట్టి విన్నాను. నేను మందు ఎక్కించుకోకూడదని నిశ్చయించుకున్నాను. అయ్యగారు అడిగితే జలుబన్నాను.

మా ఆయన "నువ్వెట్లంటే అట్ల" అన్నాడు. ఆ మాటకు నేను ఇప్పటికీ ఆయన్ని పూర్తిగా క్షమించలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. ఆయన మాత్రం తెల్లారకముందే బస్సు తీసుకుని పోయేవాడు, వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. పోట్లాడింది క్రిస్మస్ సెలవులకు వచ్చిన కీర్తనే.

"నీ సాక్ష్యం కోసం నువ్వు సచ్చిపోతావామ్మా? నేను యాడికి పోయేది?"

"అట్ల మాట్లాడొద్దు. దేవుడుండాడు."

"దేవుడుండాడు. మందు గూడా ఉండాది. నువ్వే ఉండవు."

దాని చెంప మీద కొట్టాను. పెళ్ళీడుకొచ్చిన పిల్లను కొట్టాను. ఆ చేతిలో బలం లేదని ఇద్దరికీ తెలిసింది. ఏడుస్తూ ఇద్దరం ఒకరినొకరం పట్టుకున్నాం. అయినా నేను పోతానని అనలేదు.

ఈలోగా గాలివానకు గేటుమీది ఫ్లెక్సు తెగింది. ఎవరో దాన్ని తీసి గుడి వెనక కట్టెలమీద కప్పారు. నీళ్ళకు పోయినప్పుడల్లా కట్టెలమీంచి నా మొహమే నన్ను కోపంగా చూసేది.

జనవరి

సంక్రాంతికి ముందు వారం నేను పంచలో కూర్చుని విత్తనాలకని చెనక్కాయలు వొలుస్తున్నాను. అయ్యగారు వచ్చారు. నేను కుర్చీ కోసం లేచేలోపే నేలమీద కూర్చుని తానూ వొలవడం మొదలుపెట్టారు.

"కీర్తన ఫోన్ చేసిందక్కా" అన్నారు.

ప్రార్థన అయ్యాక ఆయన వెళ్ళిపోతారని "ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్నాను.

"ఈపొద్దు నాకు నోరు రాదక్కా. ఆపొద్దు డాక్టరు రెండు మాటలు చెప్పినాడు. ఒగటి మామకు ఫోన్లో చెప్పినా. రెండోది మింగేసినా. సంతోషంలో మింగినానో, మన సంఘానికి పేరొస్తాదని మింగినానో నాకే తెల్దు."

"నేను మందుకు పోను. పోతే మీరందరూ చేసిన ప్రార్థన అబద్ధమైపోతాది."

"ప్రార్థన అబద్ధం కాదక్కా. నా ఫ్లెక్సు అబద్ధం."

ఆయన చేతిలోని గింజలను చేటలో పోసి, నా వైపు చూశారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వు పోవాలనే నేను చెప్తా. అయితే దొంగమాదిరి ఎవురికీ తెలీకుండా పోవద్దు. ఆదివారం నన్ను మాట్లాడనీ. ఆ తర్వాత గూడా వద్దనుకుంటే నేను బలవంతం చేయను, రోజూ వచ్చి నీ పక్కన కూర్చుంటా."

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆయన వేదిక దిగి చాపల మధ్యకు వచ్చారు. మైకు తీసుకోలేదు. నా జబ్బు తిరిగి వచ్చిందని చెప్పారు. డాక్టరు చెప్పిన రెండో మాటను ఇన్నాళ్ళూ దాచింది తానేనని, సువార్తక్క చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదని, ఆమెను అలా నిలబెట్టిన తప్పు తనదేనని చెప్పి మోకాళ్ళమీద కూర్చున్నారు. నా వైపు కాదు, సంఘమంతటి వైపు తిరిగి.

అబ్రహాము మామ ఉన్నచోటి నుంచే అరిచాడు. "అయ్యగారూ, లెయ్యండి! పరాయి ఊరోళ్ళకు తెలిస్తే మన మొహాన ఉమ్మేస్తారు!"

"ఉమ్మనీ మామా. తుడుసుకుంటా. అక్కను పోగొట్టుకుంటే దేంతో తుడుసుకునేది?"

తర్వాత ఆయన మేము ఎన్నడూ వినని మాట చెప్పారు. "ఈ గుడిలో మేలు జరిగినోళ్ళే లేస్తా ఉండారు. ఈపొద్దు ప్రార్థన చేసీ చేసీ జరగనోళ్ళు లెయ్యండి. కూర్చున్నోళ్ళు వాళ్ళ కాడికి పోయి, చెయ్యేసి ప్రార్థన చేయండి. ముందుమాటలు వద్దు, సలహాలు వద్దు."

ఎవరూ లేవలేదు. లేవాల్సింది నేనే. నాకోసమే కదా ఇదంతా. కొంగు సర్దుకుని కూర్చునే ఉన్నాను. ఏ చోట మైకు పట్టుకుని నిలబడ్డానో ఆ చోటే కనబడుతోంది. అయ్యగారు ఇంకా మోకాళ్ళమీదే ఉన్నారు.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి చేతికర్ర నేలకు తగిలిన చప్పుడైంది. లేచింది అబ్రహాము మామ. లేవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"మా ఇంటామె నన్ను గుర్తుపట్టదు" అన్నాడు. "శానా దినాలైంది. నన్ను సూసి, ఎవురయ్యా నువ్వు, మా ఆయన లేని ఇంట్లోకి వచ్చినావే అంటాది. దేవుణ్ణి అడగని దినం లేదు."

మామ భార్య శాంతమ్మత్తకు మోకాళ్ళనొప్పులని, అందుకే గుడికి రాదని మేమంతా అనుకునేవాళ్ళం. అడిగినప్పుడల్లా మామ అదే చెప్పేవాడు. నాకు జరిగిన అద్భుతాన్ని ఆ ముసలాయన ఎందుకంత గట్టిగా పట్టుకున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. నేను లేచాను. నా వెనక చీరల చప్పుడు. పిల్లలు లేని మార్తమ్మ లేచింది, మొగుడు తాగి కొడతాడని అందరికీ తెలిసినా ఎవరూ అనని కరుణ లేచింది. మా ఆయన లేచాడు. ఆయన లేవడం చూసి నాకు ఏడుపు ఆగలేదు. చంటిపిల్లలు తప్ప చాపలమీద ఎవరూ మిగల్లేదు. అయ్యగారు చుట్టూ చూసి, తానూ లేచి, "ఇంగ కూర్చున్నోళ్ళు ఎవురూ లేరు. ఒకరికోసం ఒకరం చేసుకుందాం రాండి" అన్నారు. ఎవరి చెయ్యి నా వీపు మీద పడిందో నాకు తెలియదు. చాలా చేతులు పడ్డాయి.

గేటు దగ్గర మా ఆయనతో "రేపు సెలవు పెట్టు, తిరపతికి పోదాం" అన్నాను.

"నిన్ననే పెట్టినా" అన్నాడు.

మళ్ళీ శ్రమల దినాలు

ఆ రోజుతో అందరూ మారిపోలేదు. రెండు కుటుంబాలు మా గుడి మానేసి పుత్తూరులో పెద్ద మందిరానికి పోతున్నాయి. నా విశ్వాసం చాలకే జబ్బు తిరిగొచ్చిందని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. కొన్ని రోజులు నేను కూడా అలాగే అనుకుంటాను. అది జ్వరం ఎక్కువున్న రోజుల్లో.

రెండోసారి మందు నన్ను పిండేసింది. నోరంతా పుండ్లు, గుక్కెడు మజ్జిగ మింగడానికి కూడా ఏడ్చేదాన్ని. సంఘంలోవాళ్ళు వంతులు వేసుకుని నాతో ఆసుపత్రికి వచ్చారు. అయ్యగారి భార్య సుజాతమ్మ నా చీరలు ఉతికేది. మార్తమ్మ వచ్చిన రోజు మాత్రం నోరు మూసేది కాదు. నాకు పోయే ప్రాణం ఆమె మాటలకే పోతుందేమో అనిపించేది. ప్రేమించేవాళ్ళను భరించడానికి కూడా ఓపిక కావాలని అక్కడే తెలుసుకున్నాను.

ఒకరోజు అబ్రహాము మామ వంతు వచ్చింది. శాంతమ్మత్తను ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకొచ్చాడు. ఇక దాచడం మానేశాడు. ఆమెకు తల దువ్వి, కనకాంబరాలు పెట్టి తెచ్చాడు, జడ వంకరగా వచ్చింది. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, చేతికి గుచ్చిన సూదినీ, గుండునూ చూసింది. నా రెండో చెయ్యి పట్టుకుంది.

"నొప్పిగా ఉండాదా పాపా?"

కోత పండగ నుంచి నన్ను ఎంతమంది అడిగారో. అందరూ "బాగుండావు గదా" అనే అడిగారు. నేనూ తల ఊపేదాన్ని.

"ఉండాదత్తా" అన్నాను.

ఆమె అయ్యో అంది. నా చేతిని రెండు చేతుల్లో పెట్టుకుని నిమిరింది. కాసేపటికి మరిచిపోయింది. సూదిని చూసింది, గుండును చూసింది, మొహమంతా మళ్ళీ కొత్తగా బాధ నిండింది.

"నొప్పిగా ఉండాదా పాపా?"

"ఉండాదత్తా."

మందు అయిపోయేదాకా ఆమె అడుగుతూనే ఉంది. మామ సిగ్గుపడి, "సాల్లే, బిడ్డను నిద్రపోనీ" అని ఆమెను లేపబోయాడు.

"వద్దు మామా" అన్నాను. "అడగనీ."

ఆమె మళ్ళీ అడిగింది.